బిందె ఎవరు మోస్తారు?

ఆపరేషన్ అయ్యాక ఇంటికి పంపేటప్పుడు ఆస్పత్రి వాళ్లు చేతిలో పెట్టే కాగితంలో, మందుల పట్టీ కింద, ఒక వాక్యం మామూలుగా ఉంటుంది: ఆరు వారాల పాటు బరువులు ఎత్తకూడదు. గర్భసంచి జారి ఆపరేషన్ చేయించుకున్న ఆడవాళ్లందరికీ దాదాపు ఈ మాటే చెప్పి పంపుతారు. వాక్యం చిన్నదే. కోలారు బంగారు గనుల దగ్గర చాంపియన్ రీఫ్స్‌లో, గని కార్మికుల లైన్లలోని ఒక ఇంటికి చేరేసరికి మాత్రం దాన్ని పాటించడం ఎంత కష్టమో తెలుస్తుంది. ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేని జిల్లా కోలారు. కొళాయిలో నీళ్లు రోజూ రావు. వచ్చిన పూట పట్టి దాచుకోవాలి, రాని పూట ట్యాంకరు కోసం కాచుకోవాలి. పది లీటర్లు పట్టే బిందెలో నీళ్ల బరువే పది కిలోలు. తాగునీటి క్యాను ఇరవై కిలోలు. నిండు గ్యాస్ సిలిండరు ముప్పైకి దగ్గర. తడిసిన దుప్పట్ల బకెట్టు బరువు ఎవరూ తూచి చూడరు. ఇవన్నీ మోసేది ఇంట్లో ఒక్కరే అయినప్పుడు, ఆ ఒక్కరికే ఆపరేషన్ అయినప్పుడు, ఆ కాగితం ఎవరితో మాట్లాడుతున్నట్టు? ఈ ఆపరేషన్ తర్వాతి నొప్పి గురించి మన ఇళ్లలో వినబడేదంతా ఓర్పు గురించే. నా వాదన దానికి ఎదురు వెళుతుంది. నొప్పిని ముదరక ముందే మందుతో అణచాలి. విశ్రాంతిని నొప్పిని బట్టి కాక రోజులు లెక్కబెట్టి తీసుకోవాలి. ఈ రెండూ జరగాలంటే ఇంకో మనిషి బిందె ఎత్తాలి.

ముందు జబ్బు సంగతి. పొత్తికడుపు అడుగున ఉయ్యాల గుడ్డలా పరుచుకున్న కండరాలు, వాటిని ఎముకలకు పట్టి ఉంచే నారలు మూత్రాశయాన్ని, గర్భసంచిని, మలాశయాన్ని మోస్తుంటాయి. కష్టమైన కాన్పులు, కాన్పుకూ కాన్పుకూ మధ్య కోలుకునే వ్యవధి లేకపోవడం, ఏళ్ల తరబడి బరువులు, తగ్గని దగ్గు, మలబద్ధకం, ముట్లుడిగే వయసు, ఇవన్నీ కలిసి ఆ అడుగును సాగదీస్తాయి. అప్పుడు లోపలి అవయవాలు యోని దారిలోకి దిగుతాయి. తెలుగులో జారడం అంటాం, కన్నడంలోనూ జారడమే, తమిళంలో ఇరక్కం, అంటే దిగడం. మూడు భాషలూ కలగలిసి వినబడే ఈ ఊళ్లో ఆ జబ్బుకు పేరు మూడు భాషల్లోనూ ఉంది, దాన్ని గొంతెత్తి పలికే అలవాటే దేంట్లోనూ లేదు. పైనుంచి పడే ఒత్తిడి అంటే ఏమిటో ఇక్కడ వేరే చెప్పక్కర్లేదు. మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగిన చాంపియన్ రీఫ్ గనిలో రాతి ఒత్తిడికి గోడలు పేలిన సంగతి లైన్లలో ముసలివాళ్లందరికీ ఎరుకే. తవ్విన చోట పైకప్పు కూలకుండా దుంగలు, గ్రానైటు రాళ్లు పేర్చి నిలబెట్టేవారు. గర్భసంచి జారినప్పుడు చేసే ఆపరేషన్ కూడా ఊతలు మళ్లీ నిలబెట్టే పనే. కొందరికి గర్భసంచి తీసేసి యోని గోడలను కుట్టి బిగిస్తారు, కొందరికి దాన్ని ఉంచే పైకి కడతారు. మన దేశంలో ఇది చిన్న వయసు వాళ్లకూ వస్తుండబట్టే బొంబాయి సర్జన్లు షిరోద్కర్, పురందరే వంటివారు గర్భసంచిని కాపాడే పద్ధతులు తయారు చేశారు.

ఆపరేషన్ తర్వాత నొప్పి అని మనం ఒక్క మాటలో అనేస్తాం గానీ, అది ఒక్కటి కాదు. వెన్నులో ఇచ్చిన మత్తు కొన్ని గంటల్లో దిగిపోయాక మొదటి రాత్రి పొత్తికడుపులో మెలిపెట్టే నొప్పి వస్తుంది. మూత్రపు గొట్టం ఉన్నంతసేపూ మూత్రాశయం పట్టేసినట్టుగా ఉంటుంది, పోయాల్సింది లేకపోయినా పోయాలనిపిస్తుంది. యోని వెనక గోడకు, మలద్వారానికి ముందున్న కండకు కుట్లు పడితే కూర్చోవడమే కష్టం. యోని పైభాగాన్ని కటి ఎముకల మధ్యనున్న గట్టి నారకు కట్టిన వాళ్లకు ఒక పిర్రలో, ఎక్కువగా కుడివైపు, లోతుగా పొడిచినట్టు నొప్పి వస్తుంది. ఆ నార చుట్టూ నరాలు ఉండటమే కారణం, ఎక్కువ మందికి ఆరు వారాల్లో అది తగ్గుతుంది. ఈ ఒక్క ముక్క ముందే చెప్పకపోతే కాలు పడిపోతుందేమోనని ఆమె నెల రోజులు హడలిపోతుంది. ఇక వెన్నులో సూది వేసినందుకే జన్మంతా నడుంనొప్పి అనే నమ్మకం సంగతి. సూది గుచ్చిన చోట కొన్నాళ్లు సలుపు నిజమే, ఏళ్ల తరబడి ఉండే నడుంనొప్పికి ఆ సూదిని తప్పుపట్టడానికి పరిశోధనల్లో ఆధారం దొరకలేదు. ఆపరేషన్‌కు ముందున్న నడుంనొప్పి, మోసిన బిందెలు, తిరిగి మోయబోయే బిందెలు, వీటిని ముందు అనుమానించాలి.

ఓర్చినమ్మకు తేటనీరు అని మన సామెత. తేటనీటి కోసం వరుసలో నిలబడే ఊళ్లో ఆ సామెత మరీ చేదుగా వినిపిస్తుంది. ఓర్పు సుగుణమే కావచ్చు, ఈ ఆపరేషన్ తర్వాత మాత్రం అది శరీరం మీద పనిచేసే తీరు వేరు. నొప్పిని బిగబట్టిన మనిషి మంచం దిగదు. దిగకపోతే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. గట్టిగా ఊపిరి తీయదు, వచ్చిన దగ్గును మింగుతుంది, ఊపిరితిత్తుల్లో కఫం నిలుస్తుంది. దొడ్డికి వెళితే కుట్లు తెగుతాయని రెండు మూడు రోజులు ఆపుకుంటుంది, నాలుగో రోజున ముక్కాల్సి వస్తుంది, ఏ ఒత్తిడిని తప్పించుకోవాలనుకుందో అదే ఎక్కువ మోతాదులో వచ్చి మీద పడుతుంది. మన అమ్మమ్మలు ఇవేవీ లేకుండా భరించలేదా అంటారు. భరించారు. భరించి ఎవరికీ చెప్పలేదు. 1989లో రాణీ బంగ్, అభయ్ బంగ్ బృందం మహారాష్ట్ర గడ్చిరోలిలో రెండు గ్రామాల్లో 650 మంది స్త్రీలను పరీక్షించి లాన్సెట్‌లో అచ్చువేసిన లెక్క ప్రపంచాన్ని ఉలిక్కిపడేలా చేసింది. నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ జబ్బు ఉంది, అంతకుముందు ఒక్కసారైనా పరీక్ష చేయించుకున్నవాళ్లు నూటికి ఎనిమిది మందే. అమ్మమ్మల ఓర్పు అని మనం పొగిడేది ఇదే. దాన్ని చికిత్సగా వాడమని వాళ్ల మనవరాళ్లకు చెప్పడం న్యాయం కాదు.

మాత్రల మీద ఉన్న భయాన్ని మాత్రం తేలిగ్గా కొట్టిపారేయలేం, అందులో సగం నిజం ఉంది. మందుల షాపులో నొప్పి అని చెబితే ఇచ్చే డైక్లోఫెనాక్, ఏసిక్లోఫెనాక్ లాంటివి కడుపులో పుండు ఉన్నవాళ్లకు, రక్తపోటు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు చెరుపు చేయగలవు. డాక్టరు చూసి, ఇన్ని రోజులని చెప్పి రాస్తేనే అవి వాడాలి. పారాసెటమాల్ అలా కాదు, లివరు బాగున్న పెద్దవాళ్లకు రోజుకు నాలుగు గ్రాముల హద్దులో అది చాలావరకు భద్రమైన మందు. 50 కిలోల లోపు బరువున్న ఆడవాళ్లకు ఆ హద్దు ఇంకా తక్కువ అని డాక్టరుకూ గుర్తుండాలి, ఇంట్లోవాళ్లకూ గుర్తుండాలి. ఒకే మాత్రలో పారాసెటమాల్‌తో ఇంకో నొప్పి మందు కలిపి అమ్మేవి మన దగ్గర బోలెడు, రెండు పట్టీలు పక్కపక్కన వాడి తెలియకుండా మోతాదు రెట్టింపు చేసుకునే ప్రమాదం అక్కడుంది. ట్రమడాల్ లాంటివి నొప్పిని బాగా తగ్గిస్తాయి, మలాన్ని గట్టిపరుస్తాయి కూడా. ఈ ఆపరేషన్ తర్వాత అది పెద్ద నష్టం. ఇంతకీ అసలు తప్పు మందులో కంటే వేసుకునే వేళలో ఉంటుంది. నొప్పి తట్టుకోలేనంత అయ్యాక మాత్ర వేసుకోవడం మనకు అలవాటు. మొదటి నాలుగైదు రోజులు గడియారం చూసి, నొప్పి ఉన్నా లేకున్నా, డాక్టరు రాసిన పారాసెటమాల్ వేళకు వేసుకుంటే మొత్తం మీద తక్కువ మందుతో గట్టెక్కుతారు. డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ 1990లలో మొదలుపెట్టిన త్వరగా కోలుకునే పద్ధతిలో ఒక ముఖ్యమైన భాగం ఇదే. తక్కువ హాని ఉన్న మందులను ముందుగా, కలిపి, వేళకు ఇచ్చి మనిషిని అదే రోజో మర్నాడో నడిపిస్తారు.

ఇక్కడ ఒక తెలివైన అభ్యంతరం వస్తుంది. నొప్పి కాపలాదారు కదా, దాన్ని మాత్రతో పడుకోబెడితే మనిషి ఒళ్లు మరిచి పని చేసి కుట్లు తెంపుకోదా? వినడానికి బాగుంది. కానీ ఈ కాపలాదారు పని పూర్తి కాకముందే ఇంటికి వెళ్లిపోయే రకం. చాలామందికి రెండు మూడు వారాల్లో నొప్పి సగానికి పైగా పోతుంది. లోపల కుట్టిన కండ మానే లెక్క వేరే. కరిగిపోయే దారాలు కొన్ని వారాల్లో బలం కోల్పోతాయి, వాటి స్థానంలో కొత్త కణజాలం మెల్లగా గట్టిపడుతుంది. చర్మపు గాయాల మీద జరిగిన పాత ప్రయోగాల్లో మూడు నెలలు గడిచినా మానిన చోటు బలం మామూలు చర్మంలో సుమారు 80 శాతానికే చేరింది. అంటే మూడో వారం నుంచి మూడో నెల దాకా నొప్పి ఏమీ చెప్పదు, కుట్టు ఇంకా పచ్చిగానే ఉంటుంది. ఇంట్లో ‘ఇప్పుడు బాగానే ఉన్నావుగా’ అనే మాట వినబడేది సరిగ్గా ఆ రోజుల్లోనే. నొప్పిని చూసి పని మొదలుపెట్టమనే సలహా అందుకే మోసం చేస్తుంది. నొప్పికి మందు వేళకు వేయాలి, విశ్రాంతికి గోడ మీది క్యాలెండరు చూడాలి.

దీనికి ఎదురుగా శాస్త్రం నుంచే ఇంకో మాట వినిపిస్తుంది, దాన్ని దాచడం న్యాయం కాదు. అమెరికాలో 2006లో జరిగిన ఒక చిన్న అధ్యయనం, డాక్టర్లు వద్దనే కొన్ని పనులు కుర్చీలోంచి లేవడం లాంటి తప్పనిసరి కదలికల కంటే కడుపులో ఒత్తిడిని ఎక్కువేం పెంచవని తేల్చింది. 2017లో వచ్చిన ఇంకో పరిశీలనలో ఈ ఆపరేషన్లయిన స్త్రీలను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు కట్టడి పెట్టి, మరో జట్టును తమకు తోచినట్టు పనులు చేసుకోనిచ్చారు. మూడు నెలల తర్వాత రెండో జట్టు ఏమీ నష్టపోలేదు. మరి ఆరు వారాల మాట మూఢనమ్మకమేనా? ఆ స్వేచ్ఛ ఎవరికి ఇచ్చారో చూడాలి. తనకు తోచినట్టు చేసుకోవడం అంటే అలసినప్పుడు ఆపేయడం కూడా. కొళాయి తిప్పితే నీళ్లు, మెషీన్‌లో బట్టలు ఉన్నచోట ఆపేయడం సులువు. నీళ్లు వచ్చే అరగంటలో ఇంటికి సరిపడా పట్టాల్సిన మనిషికి ఆపే అధికారం లేదు. ఆ పరిశోధనల నుంచి మనం నేర్చుకోవాల్సింది ఏమైనా ఉంటే అది భయపడి మంచానికి అతుక్కుపోవద్దని. నడవొచ్చు, మెట్లు నెమ్మదిగా ఎక్కొచ్చు, తేలికపాటి వంట చేసుకోవచ్చు. ఇరవై లీటర్ల క్యానుకు మాత్రం అందులో అనుమతి వెతకొద్దు.

ఆ 2006 లెక్కలు చూపించే ఇంకో సంగతి నాకు మరీ ముఖ్యంగా తోస్తుంది. బిందె ఒక్కటే శత్రువు కాదు. గట్టిగా దగ్గితే కడుపులో ఒత్తిడి ఒక్కసారిగా ఎగురుతుంది. గనులు మూతపడి పాతికేళ్లవుతున్నా, బంగారం తీసేశాక మిగిలిన సైనైడు దిబ్బల నుంచి గాలి రోజుల్లో దుమ్ము లేస్తూనే ఉంటుంది. కట్టెల పొయ్యి పొగ దానికి తోడు. ఆపరేషన్‌కు నెల ముందే దగ్గుకు వైద్యం చేయించుకోవడం, దగ్గు వచ్చినప్పుడు మడిచిన గుడ్డతో కింద అదిమి పట్టుకుని దగ్గడం, ఇవి డబ్బు ఖర్చులేని నొప్పి మందులు. దగ్గు తర్వాతి శత్రువు మలబద్ధకం, దానికి మన పథ్యమే తోడ్పడుతోంది. పచ్చి ఒళ్లని నీళ్లు తగ్గిస్తారు, ఎక్కువ తాగితే కుట్లకు నీరు పట్టి చీము చేరుతుందంటారు. ఆకుకూర చలువ, పండు జలుబు, పప్పు వాతం. చివరికి మిగిలేది తెల్లన్నం, ఎండుకారం, బ్రెడ్డు. బాలింతకు పెట్టే పథ్యాన్నే కొంచెం మార్చి దీనికీ వాడతారు. చీము పట్టడానికి కారణం సూక్ష్మక్రిములు, తాగే నీళ్లు కాదు. అసలు ఆలోచిస్తే కోలారు సీమ మామూలు భోజనమే ఈ రోగికి కావలసిన భోజనం. రాగి సంగటి, ఆకుకూర, ఉలవ చారు, మజ్జిగ, కాలానికి దొరికే పండు. పీచు అందులోనే ఉంది. దానికి తగ్గ నీళ్లు, అవసరమైతే రాత్రి పడుకోబోయే ముందు గ్లాసు నిండా నీళ్లతో ఇసబ్‌గోల్, లేదా డాక్టరు రాసిన మలం మెత్తబడే మందు. దొడ్డికి కూర్చునేటప్పుడు ముక్కకుండా, పాదాల కింద చిన్న పీట వేసుకుని, మోకాళ్లు తుంటి కంటే ఎత్తుగా ఉండేలా కమోడు మీద కూర్చుంటే సులువు. లైన్ల ఇళ్లలో కమోడు ఎక్కడిదంటారా? మధ్యలో రంధ్రమున్న ప్లాస్టిక్ కుర్చీలు మందుల దుకాణాల్లో అమ్ముతారు, నాలుగైదు ఇళ్లు కలిసి ఒకటి కొనుక్కున్నా సరిపోతుంది.

మాత్ర కాని మందు ఇంకొకటి ఉంది, మాట. 1964లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో ఎగ్‌బర్ట్ అనే మత్తు డాక్టరు కడుపు ఆపరేషన్లున్న 97 మందిలో కొందరికి ముందురోజే కూర్చుని చెప్పాడు. నొప్పి ఎక్కడ వస్తుంది, ఎంతకాలం ఉంటుంది, పక్కకు ఎలా తిరగాలి, కండరాలను ఎలా వదులు చేయాలి అని. ఆ మాటలు విన్నవాళ్లకు విననివాళ్లతో పోలిస్తే నొప్పి మందు దాదాపు సగమే సరిపోయింది. ఇంతకంటే చవకైన చికిత్స ఏముంటుంది? అయినా మన కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసులో కన్నడం మాట్లాడే మనిషికి, డాక్టరు రాత కాస్తో కూస్తో చదవగలిగే కొడుకు సాయంత్రం వచ్చేదాకా అందులో ఏముందో తెలియదు. కొడుకుకు చదివి చెప్పడానికి సిగ్గు, తల్లికి అడగడానికి సిగ్గు. గని కంపెనీ ఆస్పత్రి చాంపియన్ రీఫ్స్‌లోనే నడిచిన కాలంలో కనీసం నర్సు నడిచి వెళ్లేంత దూరంలో ఉండేది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక ఆ ఆధారమూ పోయింది. ఇప్పుడు రాబర్ట్‌సన్‌పేట ప్రభుత్వ ఆస్పత్రి, కోలారు జిల్లా ఆస్పత్రి, టమక మెడికల్ కాలేజీ, అటు కుప్పం, కాస్త స్తోమత ఉంటే వేలూరు. బస్సు టికెట్టు ఉచితమైనా గుంతల రోడ్డు మీద కూర్చుని వెళ్లడం ఉచితం కాదు. ఇదే చాంపియన్ రీఫ్ గని లోతుల్లో 1965లో శాస్త్రవేత్తలు వాతావరణం నుంచి వచ్చే న్యూట్రినోలను పట్టుకున్నారు, కంటికి కనబడని, దాదాపు దేన్నీ తాకకుండా పోయే కణాలను. కనబడని నొప్పి ఎంతుందో ఒక అంకెలో చెప్పమని అడిగి రాసుకోవడం అంతకంటే కష్టమైన శాస్త్రమేం కాదు.

అడగడం ఎందుకంటే, అన్ని నొప్పులూ ఒకే దారిలో తగ్గవు. రోజురోజుకూ తగ్గాల్సిన నొప్పి పెరగడం, 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, దుర్వాసనతో స్రావం, గంటకొక ప్యాడు తడిసే రక్తం, మూత్రం రాకపోవడం, ఒక పిక్క వాచి నొప్పి పెట్టడం, ఆయాసం, వీటిలో ఏది కనబడినా తెల్లారేదాకా ఆగకూడదు. మూడు నెలలు దాటినా కూర్చుంటే, కలిస్తే నొప్పి వస్తుంటే అది కూడా చెప్పుకోవాల్సిన నొప్పే. చెప్పినా వినకపోతే ఏమవుతుందో యోని ద్వారా పెట్టిన ప్లాస్టిక్ వల కథ చూపించింది. విదేశాల్లో వేలాది స్త్రీలు ఏళ్ల తరబడి నొప్పి అని మొత్తుకున్నాక, 2018లో బ్రిటన్ దాని వాడకాన్ని నిలిపింది, 2019 ఏప్రిల్‌లో అమెరికా ఈ జబ్బుకు ఆ వలల అమ్మకాన్ని ఆపించింది, 2020లో బ్రిటన్ నియమించిన కంబర్లెజ్ విచారణ ఆ ఆడవాళ్ల మాటను కొట్టిపారేశారని రాసింది. కడుపు వైపు నుంచి వాడే వల వేరు, దాని సంగతి డాక్టరునే అడగాలి.

ఇక పని సంగతి. మారికుప్పం నుంచి బయల్దేరి చాంపియన్, ఊరుగాం మీదుగా బెంగళూరు వెళ్లే రైళ్లలో తెల్లవారుజామునే ఎక్కి, రాత్రికి తిరిగొచ్చే ఆడవాళ్లు ఎందరో. కూర్చునే చోటు దొరకని రోజుల్లో రెండు గంటలకు పైగా నిలబడే. ఆపరేషన్ తర్వాత నాలుగో వారం ఆ రైలెక్కడం బిందె మోయడం కంటే తక్కువేం కాదు. చట్టం ఈ విషయంలో విచిత్రంగా ఉంది. ప్రసూతి ప్రయోజన చట్టం గర్భస్రావానికి ఆరు వారాలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు రెండు వారాలు జీతంతో సెలవు ఇస్తుంది. కాన్పులు మిగిల్చిన ఈ జబ్బుకు, ఏళ్ల తర్వాత చేసే ఆపరేషన్‌కు, పేరు పెట్టి ఒక్క రోజూ లేదు. అయితే ఒక దారి ఉంది, చాలామంది వాడుకోరు. గార్మెంట్ ఫ్యాక్టరీలో ఈఎస్ఐ కోత పడుతున్న మనిషికి, ఆరు నెలల చందా కాలంలో 78 రోజులు పని ఉంటే, జబ్బు సెలవు కింద జీతంలో 70 శాతం ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది. కుట్టు పచ్చిగా ఉండే ఆ మూడు నెలలు, అంటే పన్నెండు వారాలు, 84 రోజులు. లెక్క సరిపోతుంది. ఇళ్లల్లో పాచిపని చేసే మనిషికి, కూలికి వెళ్లే మనిషికి ఆ కార్డూ లేదు. 2008లో నేపాల్ సుప్రీంకోర్టు గర్భసంచి జారడాన్ని స్త్రీల హక్కుల విషయంగా తీర్పు చెప్పింది, ప్రభుత్వం ఉచిత ఆపరేషన్లు పెట్టింది. అక్కడ ఆ తర్వాత వచ్చిన విమర్శ ఏమిటంటే ఆపరేషన్లు లెక్కపెట్టారు గానీ, జబ్బు తెచ్చిన బరువులు, కాన్పులు, ఇంటి చాకిరీ అలాగే ఉన్నాయని.

ఇంటి చాకిరీ గురించి ఆస్పత్రి ఏం చేయగలదంటారు డాక్టర్లు. అది సంసారం విషయం, మేం కలగజేసుకోలేం అంటారు. అంత నిజమేం కాదు. మత్తు ఇచ్చే ముందు పక్కన ఉండే మనిషి సంతకం తీసుకుంటారు, రక్తం ఎవరిస్తారో రాయించుకుంటారు. ఆ కాగితంలోనే ఆరు వారాలు బరువులు ఎత్తకూడదన్న వాక్యాన్నీ చేర్చి, దాని పక్కన ఒక గడి గీసి, నీళ్లు ఎవరు మోస్తారు అని అడిగి, భర్త పేరో కొడుకు పేరో పక్కింటామె పేరో రాయించుకోవచ్చు. ఆ గడి ఖాళీగా ఉంటే, అత్యవసరం కాని ఈ ఆపరేషన్‌ను ఒక నెల వెనక్కి జరపొచ్చు, ఈలోగా యోనిలో ఉంచే రబ్బరు రింగుతో నెట్టుకురావచ్చు. గడిలో పేరున్న మనిషిని వార్డులోకి పిలిచి, తెలుగైతే తెలుగులో, తమిళమైతే తమిళంలో, ఎన్ని లీటర్లు, ఎన్ని వారాలు అన్నది అతని ముందే చెప్పి వేలిముద్రో సంతకమో తీసుకోవచ్చు.